గడ్డం ముందే నెరిసిందా? రంగు కలిపేముందు పొడవు కొలవండి

తల జుట్టు నల్లగానే ఉంటుంది. గడ్డం పెంచితే మాత్రం చుబుకానికి రెండు పక్కలా తెల్ల చారలు దిగుతాయి, మీసం కొసల్లో నాలుగు, చెవుల పక్కన గుప్పెడు. ఇంట్లోవాళ్లో స్నేహితులో ఒక మాట అనగానే చాలామంది వెంటనే రంగు డబ్బా తెచ్చేసుకుంటారు. రంగు వేయడం తప్పేమీ కాదు. కానీ వేయాలా వద్దా అన్నది అద్దంలో మొహం చూసి తేల్చుకోకండి. గడ్డం పొడవు, మీ చర్మం, వారం వారం మీరు పెట్టగల సమయం: తేల్చాల్సినవి ఈ మూడు. రంగు వేసిన రోజు గడ్డం ఎవరికైనా బాగానే ఉంటుంది. చూసుకోవాల్సింది ఆరో రోజు ఎలా ఉంటుందన్నది.

ముందు స్కేలు పట్టుకోండి

గడ్డం వెంట్రుక రోజుకు సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వారానికి 2 మిల్లీమీటర్లకు పైనే, 10 రోజులకు 3 నుంచి 4. రంగు అంటేది చర్మం బయట ఉన్న వెంట్రుకకే. కుదుట్లో తయారవుతున్నది తెల్లగానే తయారై తెల్లగానే బయటికొస్తుంది.

ఈ లెక్క మీ గడ్డానికి వేసి చూడండి. ట్రిమ్మర్‌ని 3 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి వారానికి రెండుసార్లు కత్తిరించుకునేవారైతే, వేసిన రంగంతా పది రోజులు తిరక్కుండానే వాష్‌బేసిన్‌లోకి పోతుంది. 5 మిల్లీమీటర్ల లోపు గడ్డానికి డై శుద్ధ దండగ. చర్మాన్ని రసాయనానికి అప్పగించి తీసుకునే ఫలితం వారం కూడా నిలవదు.

5 నుంచి 15 మిల్లీమీటర్ల గడ్డం ఇంకా చిక్కు. ఈ పొడవులో వెంట్రుకలు నిటారుగా నిలబడతాయి, ఒకదాని మీద ఒకటి వాలవు, మొదళ్లు ఎదుటివాళ్లకు నేరుగా కనిపిస్తాయి. మూడో రోజు దగ్గర నుంచి చూస్తే చర్మాన్ని ఆనుకుని సుద్దపొడి చల్లినట్టు సన్నని తెల్ల చుక్కలు. ఆరో రోజుకి ఒక్కో వెంట్రుకా కింద తెలుపు, పైన నలుపు. నలుపూ తెలుపూ కలిసిన గడ్డాన్ని చూసినవాళ్ల చూపు దాని మీద ఆగకపోవచ్చు. ఈ రెండు రంగుల గీత దగ్గర మాత్రం ఆగుతుంది. ఈ పొడవులో రంగు వేయాలనుకుంటే 5 నుంచి 7 రోజులకోసారి మొదళ్లు సర్దుకోవడానికి సిద్ధపడాలి.

15 మిల్లీమీటర్లు దాటితే వెంట్రుక వాలి మొదళ్లను కప్పుతుంది. 10 నుంచి 14 రోజులకోసారి వేసుకుంటే సరిపోతుంది. అప్పుడు కూడా మీసం, చెంపల మీద గీత తీసుకునే అంచు పొట్టిగానే ఉంటాయి కాబట్టి అక్కడ ముందే బయటపడుతుంది.

మొత్తమ్మీద పొడవును బట్టి ఏడాదికి 26 నుంచి 73 సార్లు చేయాల్సిన పని ఇది. ఒక్కోసారికి సర్దుకోవడం, వేయడం, కడగడం, మరకలు తుడవడం కలిపి అరగంట పైమాటే. మూడు నెలల పాటు వారానికి ఆ అరగంట తప్పకుండా తీయగలరా? తీయలేమనిపిస్తే రంగు జోలికి వెళ్లకపోవడమే మేలు, ఎందుకంటే సగంలో వదిలేసిన రంగు తెల్లగడ్డం కంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఎంత భాగం తెల్లబడిందన్నది కూడా చూడండి. పగటి వెలుతురులో, కిటికీకి ఎదురుగా నిలబడి, ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు ఫొటోలు తీసుకోండి. బాత్రూమ్ దీపం కింద తెలుపు ఉన్నదానికంటే ఎక్కువ మెరుస్తుంది, దాన్ని నమ్మొద్దు. పావు వంతు లోపే తెలుపు ఉంటే మొత్తం గడ్డానికి రంగు అక్కర్లేదు, చిన్న కత్తెరతో ఆ వెంట్రుకల్ని మొదట్లో తుంచేస్తే చాలు. పీకడం మాత్రం వద్దు. ఒకటి పీకితే పది వస్తాయన్నది నిజం కాదు. కానీ కుదురు దెబ్బతిని చీముపొక్కు లేవచ్చు, మళ్లీ మొలిచేటప్పుడు వెంట్రుక చర్మం లోపలే చుట్టుకోవచ్చు. ముప్పాతిక పైన తెల్లబడిన గడ్డానికి పూర్తి నలుపు వేస్తే మొదళ్ల తేడా అందరికంటే ఎక్కువగా బయటపడేది మీ గడ్డంలోనే. రంగు నిజంగా కలిసొచ్చేది మధ్యలో ఉన్నవాళ్లకి: నలుపు ఇంకా సగానికి పైన ఉండి, తెలుపు ఒకటి రెండు చోట్ల ముద్దగా చేరినవాళ్లకి.

ఒక్కసారి ఒంట్లో ఏముందో చూపించుకోండి

వెంట్రుక కుదుట్లో మెలనోసైట్లు అనే కణాలు మెలనిన్ అనే రంగును తయారుచేసి వెంట్రుకలోకి పంపుతాయి. ఆ కణాల్ని కొత్తగా అందించే మూలకణాలు తరిగిపోతే వెంట్రుక రంగు లేకుండా పెరుగుతుంది. ఎక్కువమందిలో దీనికి కారణం వంశపారంపర్యం. తండ్రికో మేనమామకో ముందే నెరిసి ఉంటుంది. చర్మవైద్యులు తల జుట్టును బట్టి పెట్టుకున్న హద్దు ఆసియావాళ్లలో 25 ఏళ్లు, తెల్లజాతివాళ్లలో 20, ఆఫ్రికా మూలాలవాళ్లలో 30. దానికి ముందే నెరవడం మొదలైతే బాలనెరుపు. తలకంటే గడ్డం ముందు నెరవడం మామూలే.

వంశంలో లేకుండా, ఆర్నెల్లలో గబగబా తెల్లబడితే మాత్రం రక్తపరీక్ష చేయించాలి. విటమిన్ బి12, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్‌తో పాటు రక్తకణాల లెక్క, ఈ మూడూ అడగండి. మాంసాహారం ముట్టనివాళ్లలో, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో, ఎసిడిటీకి ఒమెప్రజోల్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలో బి12 తగ్గుతుంది. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ మాట డాక్టరుకు చెప్పి, పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి. బయోటిన్ థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుగా చూపించగలదు, లేని జబ్బుకు మందు పడుతుంది. లోపం ఉంటే సరిచేయడం ఒంటికి ఎలాగూ అవసరం, కొందరిలో కొత్తగా పెరిగే వెంట్రుక నల్లగా కూడా రావచ్చు. వంశపారంపర్యంగా నెరిసిన గడ్డాన్ని మళ్లీ నల్లగా పెంచే నూనె మాత్రం లేదు. బయటికొచ్చేసిన వెంట్రుకలో జీవం ఉండదు, పైన ఏది రాసినా అది కొత్తగా మెలనిన్ తయారుచేసుకోలేదు.

రెండు లక్షణాలు కనిపిస్తే రంగు మాట పక్కనపెట్టి చర్మవైద్యుడి దగ్గరికే వెళ్లాలి. ఒకటి, తెల్ల వెంట్రుకల కింద చర్మం కూడా పాలిపోయి ఉండటం. అది బొల్లి కావచ్చు, డైలోని రసాయనాలు దాన్ని పెంచగలవు. రెండోది, గడ్డంలో నాణెమంత గుండ్రంగా వెంట్రుకలు రాలి అక్కడ తెల్లవి మొలవడం. అది పేనుకొరుకుడు. పేనుకొరుకుడు మానేటప్పుడు మొదట తెల్ల వెంట్రుకలే వస్తాయి, చాలామందిలో తర్వాత అవే నల్లబడతాయి.

రంగు లేకుండా చేయగలిగినవి

డై కంటే ముందు రెండు వారాల పాటు పొడవు మార్చి చూడండి. 10 మిల్లీమీటర్ల నుంచి 3కి దిగితే తెలుపు నలుపుల తేడా సగం తగ్గినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే మధ్యలోంచి చర్మం రంగు కూడా కనబడి మూడూ కలిసిపోతాయి. తెలుపు చెవుల పక్కనే ఉంటే అక్కడ 1 మిల్లీమీటరు, దవడకి వచ్చేసరికి 3, చుబుకం దగ్గర 5, ఇలా మెట్లు మెట్లుగా దించండి. తెలుపంతా చుబుకం మీదే ఉంటే దానికి విరుగుడు పక్కల్ని పొట్టిచేయడం కాదు, అలా చేస్తే చూపు తెలుపు మీదికే పోతుంది. అన్ని చోట్లా ఒకే పొడవు ఉంచండి.

రంగు వేస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నీళ్లతో పోయే గడ్డం మస్కారా ఉంది. ఐరన్ ఆక్సైడ్ లాంటి రంగుపొడుల్ని వెంట్రుకకు పూతలా పట్టించే బ్రష్షు ఇది. రసాయనిక డై లాగా వెంట్రుక లోపలికి దిగదు. బ్రష్షును డబ్బా అంచుకు బాగా ఒత్తి, మిగిలింది టిష్యూ మీద తుడిచి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో తెల్ల వెంట్రుకల కొసల మీద మాత్రమే లాగండి. తడి బ్రష్షుతో వేస్తే వెంట్రుకలు ముద్దలు కట్టి అతికించినట్టు ఉంటాయి. చెమటకు చెదురుతుంది, కాలరుకు అంటుతుంది. అయినా వారం రోజులు దీనితో బయట తిరగండి. నల్లగడ్డంతో మీకు మీరు నచ్చారా లేదా అన్నది డై వేయకుండానే తేలిపోతుంది. కొందరికి ఇదే శాశ్వతంగా సరిపోతుంది: పెళ్లో ఇంటర్వ్యూనో ఉన్న రోజున వేసుకుని, రాత్రికి కడిగేసుకుంటారు.

తెలుపునే ఉంచేసుకోవాలనుకుంటే దానికీ పోషణ కావాలి. పొగ, ఎండ, నూనె పట్టి తెల్ల వెంట్రుక పసుపు తిరుగుతుంది, మనిషిని పెద్దగా చూపించేది ఆ పసుపే. వారానికోసారి ఊదారంగు షాంపూ పట్టించి 2 నుంచి 3 నిమిషాలు ఉంచి కడిగితే పసుపు విరుగుతుంది. నెరిసిన వెంట్రుక బిరుసుగా అనిపించి అటూ ఇటూ పొడుచుకొస్తుంది కాబట్టి కండిషనరు, తడి ఉండగానే రెండు చుక్కల నూనె, రోజూ దువ్వెన తప్పవు. చెంప గీత, మెడ గీత కత్తిలా ఉంటే తెల్లగడ్డం కోరి పెంచుకున్నట్టుంటుంది.

ఎవరు వేసుకోకూడదు

నల్లగా ఉండి నెలల తరబడి నిలిచే డైలు ఎక్కువ శాతం పారా-ఫినైలీన్‌డయామిన్ అనే రసాయనంతో పనిచేస్తాయి. దీన్నే పీపీడీ అంటారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసినప్పుడు ఈ చిన్న అణువులు వెంట్రుక లోపల ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్ద రంగు అణువులవుతాయి, మళ్లీ బయటికి రాలేవు. రంగు నిలవడానికీ, ఎలర్జీ రావడానికీ మూలం ఇదే. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం తలకు పెట్టే మిశ్రమంలో ఇది 2 శాతం మించకూడదు. అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2006లో దీన్ని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది.

గతంలో ఏ డైకైనా దురదో వాపో వచ్చినవాళ్లు పీపీడీని మళ్లీ ముట్టుకోకూడదు. ఈ ఎలర్జీ ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది, ప్రతిసారీ ముదురుతుంది. నల్ల గోరింట టాటూ వేయించుకుని అక్కడ పొక్కులు లేచినవాళ్లూ ఈ లెక్కలోకే వస్తారు, ఎందుకంటే ఆ నలుపు పీపీడీదే. నొప్పి తగ్గించే బెంజోకైన్ పూతలు పడనివాళ్లకు కూడా ప్రమాదం ఎక్కువ. గడ్డంలో చుండ్రు, సోరియాసిస్, పుండ్లు ఉన్నప్పుడు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలో రెటినాయిడ్ క్రీములో వాడుతున్నప్పుడు వేయొద్దు. చర్మం ఆ సమయంలో పలచగా, చీలి ఉంటుంది. 16 ఏళ్ల లోపు పిల్లలకి అసలే వద్దు.

డబ్బా మీద రాతల దగ్గర జాగ్రత్త. ‘అమోనియా లేదు’ అంటే పీపీడీ లేదని కాదు. ఘాటువాసన తగ్గించడానికి అమోనియా బదులు ఇథనాలమైన్ వాడారని మాత్రమే. ‘హెర్బల్’ అన్నా పదార్థాల జాబితా చదవాల్సిందే. గోరింటాకు పొడికి తెల్ల వెంట్రుకను నల్లగా చేసే శక్తి లేదు. ‘నల్ల హెన్నా’ అన్న పొడి అరగంటలో నలుపు తెచ్చిందంటే అందులో పీపీడీ లాంటిదేదో కలిసి ఉన్నట్టే. పీపీడీ బదులు టొలుయీన్-2,5-డయామిన్ వాడిన డైలు కొందరికి పడతాయి. కానీ పీపీడీ పడనివాళ్లలో చాలామందికి అదీ పడదు.

డై వాడితే కాన్సర్ వస్తుందా అన్న భయం గురించి ఒక మాట. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి వృత్తిగా డైలు కలిపే క్షురకుల పనిని ‘బహుశా కాన్సర్ కారకం’ అన్న వర్గంలో పెట్టింది. సొంతానికి వేసుకోవడాన్ని మాత్రం ‘తేల్చడానికి ఆధారాలు చాలవు’ అన్న వర్గంలో ఉంచింది. గడ్డం విషయంలో అసలు భయపడాల్సింది ఎలర్జీకి.

ఏ రంగు, ఏ రకం

పెరాక్సైడ్ కలిపే డైని గడ్డం కోసమే చేసినది తీసుకోండి. తల డై 25 నుంచి 30 నిమిషాలు ఉంచేలా తయారవుతుంది, గడ్డం జెల్ ఎక్కువగా 5 నిమిషాల్లో పనిచేస్తుంది. మొహం చర్మానికి ఆ తేడా పెద్దది. పెరాక్సైడ్ లేని సెమీపర్మనెంట్ రంగులు వెంట్రుక పైపొరనే పట్టుకుంటాయి, కొన్ని తలంట్లకు పోతాయి. బిరుసైన తెల్ల వెంట్రుక మీద సరిగా ఎక్కవు. రోజుకింత రాస్తే మెల్లగా నల్లబడుతుందనే ద్రావణాల్లో లోహ లవణాలుంటాయి. ఒకప్పుడు సీసం ఉండేది, అమెరికా ఆహార ఔషధ సంస్థ 2018లో దాన్ని వద్దని తేల్చింది. ఇప్పుడు ఎక్కువగా బిస్మత్. లోహం పట్టిన గడ్డం మీద పెరాక్సైడ్ డై వేస్తే వేడి పుట్టి వెంట్రుక కాలిపోవచ్చు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే పాతది పూర్తిగా కత్తిరించాకే.

గోరింటాకు, నీలిఆకు పొడులు రెండూ కలిస్తే పీపీడీ లేకుండా ముదురు రంగు వస్తుంది, కానీ ఓపిక కావాలి. పొట్టి గడ్డానికి 15 నుంచి 20 గ్రాముల గోరింటాకు పొడిని గోరువెచ్చని నీళ్లతో చిక్కటి పేస్టుగా కలిపి 6 నుంచి 8 గంటలు నానబెట్టి, పట్టించి, 1 నుంచి 2 గంటలు ఉంచాలి. కడిగితే తెల్లవన్నీ నారింజ రంగులో ఉంటాయి. వెంటనే అంతే తూకం నీలిఆకు పొడిని చిటికెడు ఉప్పుతో గోరువెచ్చని నీళ్లలో కలిపి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి, గంట పాటు పట్టించాలి. నీలిపేస్టు నిలవ ఉండదు, కలిపిన పూటే అయిపోవాలి. మొదట ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది, ఒకటి రెండు రోజుల్లో గాలికి ముదురుతుంది, కాబట్టి ఆ రోజే కంగారుపడి మళ్లీ వేయకండి. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవాళ్లు గోరింటాకుకు దూరంగా ఉండాలి, రక్తకణాలు విచ్చిపోయే ప్రమాదం ఉంది.

ఎక్కువమంది పొరపడేది రంగు ఎంపికలో. తల జుట్టుకు సరిపోయేది గడ్డానికి సరిపోదు. సహజంగా గడ్డం తల కంటే ఒక ఛాయ తేలికగా, ఒక్కో వెంట్రుకా ఒక్కో ఛాయలో ఉంటుంది. మీ గడ్డంలోనే ఇంకా నెరవని వెంట్రుకను పగటి వెలుగులో చూసి, దానికంటే ఒక మెట్టు తేలికైనది తీసుకోండి. డబ్బాల మీద సంఖ్యలు సాధారణంగా ఇలా నడుస్తాయి: 1 నలుపు, 3 ముదురు గోధుమ, 4 గోధుమ, 5 లేత గోధుమ. నల్లగడ్డం ఉన్నవాళ్లకు మొదటిసారి 3 చాలు. 1 వేస్తే గడ్డం అంతా ఒకే ముద్దగా, బొగ్గు పూసినట్టు అవుతుంది. తక్కువైన రంగును రేపు పెంచుకోవచ్చు, ఎక్కువైనదాన్ని తీయడం కష్టం.

వేసే పద్ధతి

రెండు రోజుల ముందు చర్మపరీక్ష. డబ్బాలో చెప్పినట్టు కొంచెం డైని చెవి వెనకో మోచేతి మడతలోనో నాణెమంత రాసి 48 గంటలు గమనించండి. ఎలర్జీ వెంటనే రాదు. చర్మం కింద రోగనిరోధక కణాలు మేల్కొని చేరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది కాబట్టే ఈ 48 గంటలు. ‘పది నిమిషాలు చూశాం, ఏమీ కాలేదు’ అన్న పరీక్ష పరీక్షే కాదు. నిరుడు పడిన డై ఈ ఏడు పడకపోవచ్చు, అందుకే కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ చేయాలి.

ముందు రోజు షాంపూతో కడిగి, కావలసిన పొడవుకు కత్తిరించి, అంచులు గీసుకోండి. షేవింగు, డై ఒకే రోజు వద్దు. కంటికి కనిపించని గాట్లలోంచి రసాయనం నేరుగా లోపలికి పోతుంది. వేసే రోజు గడ్డం పొడిగా, నూనె లేకుండా ఉండాలి.

పెట్రోలియం జెల్లీని ఇయర్‌బడ్‌తో పెదవుల మీద, ముక్కు అంచుల్లో, చెవి తమ్మెల మీద, చెంప గీతకు 2 మిల్లీమీటర్ల అవతల చర్మం మీద రాయండి. వెంట్రుకకు తగలనివ్వకండి, తగిలినచోట రంగు ఎక్కదు. చేతికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, లాటెక్సులోంచి పీపీడీ చొరబడుతుంది. పొట్టి గడ్డానికి 5 గ్రాముల రంగు, 5 గ్రాముల డెవలపర్ (పెరాక్సైడ్ ఉన్న రెండో ట్యూబు) చాలు, 3 సెంటీమీటర్లు దాటితే 10కి 10. నిష్పత్తి మాత్రం డబ్బా మీద ఉన్నదే పాటించండి. గిన్నె గాజుదో ప్లాస్టిక్‌దో కావాలి, లోహానిది కాదు. కలిపింది మిగిలితే పారేయండి. మూత బిగిస్తే లోపల ఆక్సిజన్ పుట్టి సీసా పగులుతుంది.

ఎక్కువ తెలుపున్న చోటే ముందు మొదలుపెట్టండి, అంటే చాలామందికి చుబుకం. అక్కడి వెంట్రుక బిరుసు, రంగు ఆలస్యంగా ఎక్కుతుంది. బ్రష్షును ఒకసారి వెంట్రుక పెరిగే దిశకు ఎదురుగా, మరోసారి దిశలోనే లాగండి. చర్మంలోకి రుద్దకండి. తర్వాత దవడలు, చెంపలు, చివరగా మీసం. మీసం దగ్గర వెంట్రుక పలచన, ముక్కు పక్కనే ఘాటు, అందుకే అక్కడ తక్కువ సమయం చాలు. కిటికీ తెరిచి ఉంచండి. కనుబొమ్మలకు, రెప్పలకు ఇదే డై ఎప్పుడూ వాడొద్దు, చూపు పోయే ప్రమాదం ఉంది.

మూడో నిమిషంలో చుబుకం మీద చిన్న భాగాన్ని తడి టిష్యూతో తుడిచి చూడండి. రంగు చాలకపోతే ఒక్కో నిమిషం చొప్పున పొడిగించండి, డబ్బా మీద గరిష్ఠ సమయం దాటకుండా. అన్ని వెంట్రుకలూ నల్లబడేదాకా ఆగాల్సిన పనిలేదు. పదిలో రెండు మూడు తెల్లగా మిగిలితేనే గడ్డం సహజంగా కనిపిస్తుంది, వారం తర్వాత మొదళ్లు వచ్చినా వాటిలో కలిసిపోతాయి. తల ముందుకు వంచి, నోరూ కళ్లూ మూసుకుని, గోరువెచ్చని నీళ్లతో నీరు తేటపడేదాకా కడిగి, తేలికపాటి షాంపూతో ఒకసారి. ఆ రోజు ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్‌షేవ్ వద్దు, వాసన లేని మాయిశ్చరైజరు చాలు.

రెండోసారి నుంచి మొదళ్లకు మాత్రమే. ప్రతిసారీ మొత్తం గడ్డానికి పూస్తే కొసల్లో పొర మీద పొర పేరుకుని, మొదట గోధుమ రంగు వేసినా మూడో నెలకు కారునలుపు తేలుతుంది. దువ్వెనతో వెంట్రుకల్ని పైకెత్తి సన్నని బ్రష్షుతో మొదళ్లకు అద్ది, ఆఖరి నిమిషంలో మాత్రం కొసలకు లాగండి.

తేడా వస్తే

చర్మం మీద మరక పడితే గంటలోపే నూనె రాసి 10 నిమిషాలు ఉంచి దూదితో తుడవండి. నిమ్మరసం, ఉప్పు, బ్లీచ్ పెట్టి రుద్దితే మరక కంటే మంట ఎక్కువ రోజులుంటుంది. మరక రెండు మూడు రోజుల్లో మృతకణాలతో పాటు రాలిపోతుంది. రంగు మరీ నల్లగా వచ్చిందా? మొదటి 48 గంటల్లో చుండ్రు షాంపూతో మూడు నాలుగుసార్లు కడిగితే కొంత దిగుతుంది, మిగతాది ట్రిమ్మర్‌తోనే. రెండు వారాలకు ఎర్రగా తిరుగుతోందంటే ఎండకు, కడుగుళ్లకు నలుపు తగ్గి అడుగున ఉన్న ఎరుపు ఛాయ తేలుతోందన్నమాట. ఈసారి ‘యాష్’ (బూడిద ఛాయ) అని రాసి ఉన్నది ఎంచుకోండి. చుబుకం మీద మాత్రమే రంగు ఎక్కకపోతే అక్కడ నూనె మిగిలి ఉండాలి, లేదా ఆ భాగం ఆఖర్న వేసి ఉండాలి.

వేస్తుండగా మంట పుడితే సమయం చూడకండి, వెంటనే కడిగేయండి. ఆ రోజో మూడు రోజుల్లోపో దురద, ఎరుపు, నీరు కారడం, కనురెప్పల వాపు వస్తే డబ్బా తీసుకుని చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి, పదార్థాల జాబితా ఆయనకు కావాలి. పెదవులూ నాలుకా వాచినా, ఊపిరి అందకపోయినా అది అత్యవసరం, ఒక్క నిమిషం ఆగొద్దు. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి కంటి డాక్టరును కలవాలి. పీపీడీ డై కడుపులోకి పోతే గొంతు వాచి, కండరాలు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణమే పోవచ్చు. డబ్బాను పిల్లలకు అందని చోట, తాళం వేసి పెట్టండి.

మానేయాలనుకుంటే

ఆపాలనుకున్న రోజున గడ్డం మొత్తం గీసేయడమే అన్నిటికంటే శుభ్రమైన దారి. నాలుగు వారాలకు సుమారు సెంటీమీటరు సహజమైన గడ్డం చేతికొస్తుంది. గీయడం ఇష్టంలేకపోతే రంగును ఒకేసారి ఆపకండి. ప్రతి పది రోజులకూ ఒక మెట్టు తేలిక ఛాయకు మారుతూ, ఉంచే సమయం 5 నిమిషాల నుంచి 3కి, ఆపై 2కి తగ్గిస్తూ, పొడవును వారం వారం 2 మిల్లీమీటర్లు దించుతూ రండి. 15 మిల్లీమీటర్ల గడ్డమైతే ఆరేడు వారాల్లో రంగు ఉన్న ఆఖరి కొస కూడా ట్రిమ్మర్‌లో రాలిపోతుంది.